ఐదో అంతస్తు కుళాయి

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే మస్తూరా వంటింటి కుళాయి తిప్పి, చెవి గొట్టానికి ఆనిస్తుంది. ముందు గాలి బుసకొడుతుంది. తరవాత కింద ఎక్కడో ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. ఆ చప్పుళ్లను బట్టి ఏ ఇంట్లో ఎవరు లేచారో ఆమె చెప్పగలదు. రెండో అంతస్తు షరోఫత్ కుళాయిని ఒక్కసారిగా పూర్తిగా తిప్పుతుంది, గొట్టం అదిరిపడుతుంది. మూడో అంతస్తు తాత సఫర్ బోబో నమాజుకు ముందు వజూ కోసం కాళ్లూ చేతులూ కడుక్కుంటూ ఆపి ఆపి తిప్పుతాడు. నాలుగో అంతస్తులో మేముంటాం. మా నాన్న గడ్డం గీసుకుంటున్నంతసేపూ సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుందట. ఇవన్నీ అయ్యాక నీళ్లు ఆమె దాకా వస్తాయి.

మా బ్లాకు ఖుజంద్ నగరంలో, నదికి అవతలి ఒడ్డున ఉంది. ఐదంతస్తుల పాత కట్టడం. నిలువుగా ఒకే గొట్టం కింది నుంచి పైదాకా పోతుంది. ఆ గొట్టం మీద ఐదిళ్లు. కిందింట్లో ఒక టీచర్ల జంట, రెండో అంతస్తులో షరోఫత్, మూడులో బోబో కుటుంబం, నాలుగులో మేము, అన్నిటికన్నా పైన మస్తూరా. ఒక్కతే.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఒక సంబంధం వచ్చిందనీ, రెండుసార్లు టీ తాగి వెళ్లాక వాళ్లు మళ్లీ రాలేదనీ మా అమ్మ చెప్పింది. తల్లి ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి ఉన్నారు. తల్లి పోయి తొమ్మిదేళ్లయింది. పింఛనుతో పాటు ఇంట్లోనే పరుపులు కుట్టి బతుకుతుంది. అంతకుముందు ఇరవై ఒక్క ఏళ్లు ఊళ్లోని కుళాయిల ఫ్యాక్టరీలో పనిచేసింది. అది మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ సోఫాలు అమ్ముతున్నారు.

ఫ్యాక్టరీలో ఆమె పని కుళాయి మూతికి జాలీ బిగించడం. ఏరేటర్ అని కాగితాల మీద రాసేవారు, ఆడవాళ్లందరూ జాలీ అనేవారు. చూడ్డానికి అది ఒక లావు ఉంగరం. లోపల సన్నటి చిల్లుల బిళ్ల ఒకటి, దాని కింద వలలు రెండు. నీళ్లు ఆ చిల్లుల్లోంచి దారాల్లా చీలి, వేగం పుంజుకుని దూకుతాయి. ఆ వేగానికి పక్కనున్న సందుల్లోంచి గాలి లోపలికి వచ్చేస్తుంది. నీళ్లూ గాలీ వల మీద కలిసి, బుడగలతో నిండిన మెత్తటి ధారగా దిగుతాయి. చేతికి ధార లావుగానే తగులుతుంది, అందులో నీళ్లు మాత్రం సగమే. చేతులు కడుక్కోవడానికి ఆ సగం చాలు. పైగా ఇసుక వల దగ్గరే ఆగిపోతుంది.

జాలీ బాగుందో లేదో చూడ్డానికి అక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. కుళాయి కింద టీ పియాలా బోర్లించి, చుట్టూ కాగితం పరిచి, నీళ్లు వదిలేవారు. పియాలా వీపు మీద పడి చిందిన చుక్క కాగితం మీద కనిపిస్తే ఆ జాలీ వెనక్కి పోయేది. కాగితం పొడిగా ఉంటే పెట్టెలోకి వెళ్లేది. తను రోజుకు రెండు వందల పియాలాలు తడిపేదాన్నని ఆమె ఒకసారి చెప్పింది. మా ఇంటికొచ్చి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

మా ఊళ్లో ఆ జాలీలు నిలవవు. వసంతంలో నీళ్లతో పాటు సన్నటి ఇసుక వస్తుంది, ఏడాది పొడుగునా సున్నం పేరుకుంటుంది. వల మూసుకుపోగానే ధార సన్నబడుతుంది. విప్పి కడిగితే సరిపోతుంది, కానీ ఎవరూ కడగరు. విప్పి పారేస్తారు. పారేసిన రోజు నీళ్లు భోరున దూకుతాయి, ఇల్లంతా సంబరం. అలా ఒక్కొక్క ఇంట్లో జాలీ పోయింది. కింద ధార పెరిగిన కొద్దీ పైకి నీళ్లెక్కడం తగ్గింది. నాలుగేళ్ల కిందటి వేసవికి, సాయంత్రం నాలుగు దాటితే మస్తూరా కుళాయిలో గాలి తప్ప మరేమీ రాని పరిస్థితి వచ్చింది.

ఆమె పెరట్లోని పంపు దగ్గర బకెట్లు నింపి మోసుకెళ్లేది. ఎవరైనా అడిగితే టీకి పంపు నీళ్లే రుచి అనేది. అప్పటికే కుడి మోకాలు సరిగా వంగదు. జూన్‌లో ఒకరోజు మూడో మలుపు దగ్గర బకెట్‌తో సహా పడింది. నీళ్లు మెట్ల మీదుగా కిందింటి గుమ్మం దాకా పోయాయి. మా నాన్న పరుగెత్తుకెళ్లి లేపితే, ముందు మెట్లు తుడవడానికి గుడ్డ కావాలని అడిగిందట.

ఆ వారమే ఇస్ఫరా దగ్గరి పల్లె నుంచి ఆమె తమ్ముడు ఇస్మత్ వచ్చాడు. ఆప్రికాట్ తోటలు, సొంత లారీ ఉన్న మనిషి. మాటలు మా ఇంటికి కూడా వినిపించాయి, పైకప్పు అంత పల్చన.

“ఆపా, నీళ్లు పైకి రావు, మీ మోకాలు వంగదు. ఇంకా ఏం చూసుకుని ఇక్కడుంటారు? మా వెనక గది ఖాళీ చేయిస్తాను. ఎండు ఆప్రికాట్ బస్తాలు కొట్టంలోకి మారుస్తాం.”

“కొట్టంలో చెమ్మ పట్టి బస్తాలు పాడవుతాయేమో, ఇస్మత్‌జోన్.”

“మనిషి మెట్ల మీద పడుతుంటే బస్తాల సంగతి మాట్లాడతారేంటి? నలుగురూ నన్నేమనుకుంటారు? అక్క బకెట్లు మోస్తోంది, తమ్ముడు లారీ తోలుతున్నాడు అనరూ?”

“ఇక్కడి నలుగురికి నువ్వెవరో తెలియదులే.”

“మా ఊరి నలుగురికి తెలుసు.”

చివరికి ఒక మాట మీద ఆగారు. ఆగస్టు ఆఖరికి ఇస్మత్ లారీ ఖాళీ అవుతుంది. అప్పుడొస్తాడు. ఆ రోజు సాయంత్రం కుళాయిలో నీళ్లొస్తే ఆమె ఇష్టం. రాకపోతే నోరెత్తకుండా సామాను ఎక్కించాలి. మస్తూరా ఒప్పుకుంది.

తమ్ముడింట్లో ఆమెను ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. మరదలు నెమ్మదస్తురాలు, పిల్లలు మీద పడి ముద్దు చేస్తారు. కానీ అక్కడ గరిటె ఎక్కడుందో అడగాలి. కిటికీ తెరవొచ్చా అని అడగాలి. దీపం ఆర్పే వేళకు అందరితో పాటు పడుకోవాలి. కిందటి సారి పన్నెండు రోజులుండి వచ్చినప్పుడు, తన తలుపు తాళం తీసి, లోపలికెళ్లి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో గంటసేపు నిలబడ్డానని మా అమ్మతో అంది. ఆ ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. అయినా అది ఆమె ఇల్లు. ఆగస్టు ఆఖరికి అది ఉంటుందో పోతుందో ఒక కుళాయి మీద ఆధారపడి ఉంది.

జూలై మొదట్లో ఆమె బజారు నుంచి ఇంటికి రెండు చొప్పున, వంటింటికీ బాత్‌రూముకూ, ఎనిమిది జాలీలు తెచ్చి, కింది నాలుగిళ్లకూ బయల్దేరింది. ఒక్క మా అమ్మతోనే నిజం చెప్పింది. మిగతా ఇళ్లలో తనకు నీళ్లు రావడం లేదన్న మాటే ఎత్తలేదు. మా ఊళ్లో, నీళ్లు తగ్గించి వాడుకోమని పొరుగువాళ్లను అడగడం చాలా తలవంపు. అతిథి చేతుల మీద నీళ్లు పోసేటప్పుడు కూజా ఒంపడం చూసి ఆ ఇంటి మర్యాద కొలుస్తారు. నీళ్లు లెక్కపెట్టే మనిషి అన్న పేరు వస్తే ఇక పోదు. అందుకని జాలీ పెడితే వాళ్లకే మంచిదన్నట్టు మాట్లాడింది. అది అబద్ధమేమీ కాదు. అయితే పూర్తి నిజం కూడా కాదు.

షరోఫత్ తలుపు తీసి ఆమె చేతిలో మెరుస్తున్నదాన్ని చూసింది. షరోఫత్ నోరు మా మెట్లన్నిటికీ వినిపించే నోరు.

“ఏంటాపా, ఉంగరమా? ఈ వయసులో నాకు నిశ్చితార్థమా?”

“కుళాయికి.”

“అయితే పెళ్లి పులావ్ మీరే వండాలి. రండి లోపలికి.”

మస్తూరా కుళాయి కింద పియాలా బోర్లించి నీళ్లు వదిలింది. ధార పియాలా వీపును కొట్టి గోడ మీదికి, షరోఫత్ పొట్ట మీదికి చిందింది. తరవాత జాలీ బిగించి మళ్లీ వదిలింది. నీళ్లు పియాలా చుట్టూ పాకి జారిపోయాయి. ఒక్క చుక్క ఎగరలేదు.

“అబ్బో! రోజూ గిన్నెలు తోమేసరికి నేను స్నానం చేసినట్టవుతుంది, మా ఆయన నవ్వుతాడు.” షరోఫత్ ముఖం దగ్గరగా పెట్టి చూసి ఒక్కడుగు వెనక్కి వేసింది. “అమ్మో, తెల్లగా ఉన్నాయేంటి, పాలలాగా? మందు కలుపుతున్నారన్నమాట. మా వదిన చెప్తే నమ్మలేదు.”

“గాజు గ్లాసుందా?”

గ్లాసు నింపి ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తెలుపు అడుగున కరిగి మెల్లగా పైకి జరిగింది. కాసేపటికి పైన సన్నటి గీతలా మిగిలి అదీ పోయింది. నీళ్లు తేటగా నిలిచాయి.

“గాలి. బుడగలు పైకి పోతాయి, అంతే,” అంది మస్తూరా.

“గాలికి కూడా ఐదో అంతస్తే కావాలన్నమాట,” అని షరోఫత్ నవ్వింది. మస్తూరా కూడా నవ్వింది. అసలు సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. అయినా చెప్పలేదు.

టీచర్లు ఏం చెప్పినా ఒప్పుకునేవాళ్లే. బోబో ఇంట్లో కోడలు లుత్ఫియా బిగించనిచ్చింది. మూడు రోజులకు సాయంత్రం ఆరింటికి ఐదో అంతస్తులో నీళ్లొచ్చాయి. ఆ సాయంత్రం ఆమె నూడుల్స్ పులుసు చేసుకుని, తిని, గిన్నెలు అప్పుడే కడిగేసింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాకు వినిపించింది. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, “సంతోషం ఆపా, ఆగస్టులో చూద్దాం,” అన్నాడట.

ఆగస్టులో ఖర్బూజాలు వచ్చాయి.

మా ఊళ్లో ఖర్బూజాను నడిచే నీళ్లలో చల్లబరచాలి. పూర్వం వీధి కాలవలో పడుకోబెట్టేవారు. ఫ్లాట్లలోకి వచ్చినవాళ్లకు కాలవ లేదు కనుక స్నానాల తొట్టిలో పెట్టి కుళాయి వదులుతారు. మా బాత్‌రూముల్లో ఒకే పొడుగు కుళాయి ఉంటుంది, ఇటు తిప్పితే బేసిన్, అటు తిప్పితే తొట్టి. మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనం దాకా ఖర్బూజా మీద నీళ్లు పారుతూనే ఉంటాయి. జాలీ ఉంటే ధార మెత్తగా పడుతుంది, కాలవలా అనిపించదు. కాబట్టి ఖర్బూజా ఇంటికి రాగానే జాలీ ఊడుతుంది. మా ఇంట్లో కూడా ఊడదీశాం. మా అమ్మకు అన్నీ తెలిసి కూడా, ఒక్క ఇంట్లో జాలీ లేకపోతే ఏమవుతుందిలే అనుకుంది.

మస్తూరా కిందికి వచ్చి చూసింది. షరోఫత్ బాత్‌రూము జాలీ కిటికీ గట్టు మీద సబ్బు పక్కన ఉంది. బోబో ఇంట్లో తొట్టి నిండా మూడు ఖర్బూజాలు, మీద భోరున నీళ్లు.

సఫర్ బోబో నలభై ఏళ్లు బజారులో ఖర్బూజాలు అమ్మాడు. పండు విషయంలో మా బ్లాకంతా ఆయన మాటే వింటుంది. కొనుక్కొచ్చిన ప్రతి పండునూ ముందు ఆయనకు చూపించి, ఆయన చెంపకు ఆనించుకుని తల ఊపాకే పైకి తీసుకెళ్తారు.

“బోబో, జాలీ పెట్టుకుంటే ఖర్బూజాకేం కాదు,” అంది మస్తూరా.

“నీకేం తెలుసమ్మాయి? నా పెళ్లాంతో కన్నా ఖర్బూజాలతో ఎక్కువ మాట్లాడినవాణ్ణి. ఖర్బూజా కింద నీళ్లు నడవాలి. నడిస్తే పండు మేలుకుని ఉంటుంది. నీ జాలీ కింద నీళ్లు దగ్గుతున్నాయి.”

“నీళ్లు చాలా పోతున్నాయి కదా...”

“పోనీ. నదికి తక్కువైందా?”

ఆమె పైకి వెళ్లిపోయింది. రెండు రోజుల తరవాత లుత్ఫియా, బాత్‌రూము కుళాయి కారుతోందని ఆమెను పిలిచింది. మస్తూరా వాషర్ మార్చింది. పని అయ్యాక, ఎవరూ చూడకుండా, జాలీ మరకు జనపనార చుట్టి, కుళాయి మూతికి పెట్టి, రెంచితో బిగించేసింది. చేత్తో ఎంత తిప్పినా రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆమెకు కాసిని నీళ్లొచ్చాయి. తరవాతి శుక్రవారం బోబో ఇంటికి పాతిక మంది అతిథులొస్తారని ఐదు ఖర్బూజాలు తెచ్చారు. జాలీ ఊడలేదు. బోబో కొడుకు పట్టకారుతో పట్టి, మొత్తం బలం వేసి తిప్పాడు. జాలీ అలాగే ఉంది, పొడుగు కుళాయి మొదట్లో విరిగి చేతికొచ్చింది. కింద గొట్టం కట్టేసే లోపల నీళ్లు గదులన్నీ తిరిగి షరోఫత్ ఇంటి కప్పులోంచి దిగాయి.

అందరూ మెట్ల మీద చేరారు. విరిగిన కుళాయి బోబో చేతిలో ఉంది.

“ఎవడ్రా దీన్ని బిగించింది? ఏ పహిల్వాను?”

మస్తూరా పై మెట్ల నుంచి మెల్లగా దిగి వచ్చింది. “నేను, బోబో.”

“నువ్వా? ఎందుకు?”

ఆమె మెట్ల కమ్మీ పట్టుకుంది. “సాయంత్రాలు నాకు నీళ్లు రావడం లేదు.”

తడి గుడ్డ పిండుతూ షరోఫత్ అంది: “మా ఇంటి కప్పుకి మాత్రం బాగా వచ్చాయి ఆపా.”

బోబో లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఆ రోజే మస్తూరా తన దగ్గరున్న పాత కుళాయి తెచ్చి బిగించి వెళ్లింది. లుత్ఫియా పక్కన నిలబడింది గాని పలకరించలేదు.

మా మెట్ల మీద ఎవరింట్లో ఏది వండినా ఒక ప్లేటు పక్కింటికి పోతుంది. ఆ వారం ఐదో అంతస్తుకు మా ప్లేటు తప్ప మరే ప్లేటూ ఎక్కలేదు. మా అమ్మ సమోసాల్లాంటి సంబూసలు ఇచ్చి పంపితే ఆమె తలుపు సగం తెరిచి, తీసుకుని, మూసేసింది. చిన్న డబ్బాల్లో మళ్లీ నీళ్లు మోయడం మొదలుపెట్టింది. ప్రతి అంతస్తులోనూ డబ్బాలు దించి ఆగేది. మూడో అంతస్తులో మాత్రం ఆగేది కాదు. ఆ పైన మా గుమ్మం దాకా ఒక్క బిగిన వచ్చి, గోడకానుకుని ఊపిరి తీసుకునేది. తలుపు లోపలి నుంచి ఆ ఊపిరి వింటూ కూడా నేను తలుపు తీయలేదు.

ఇస్మత్ రావడానికి తొమ్మిది రోజులుందనగా ఆమె ఒక గోనెసంచి, ఒక బేసిన్ పట్టుకుని బోబో తలుపు తట్టింది. మా అమ్మను తోడు రమ్మంటే నేనూ వెంట వెళ్లాను.

“మళ్లీ ఏం బిగించడానికొచ్చావు?” అన్నాడు బోబో.

“ఖర్బూజాకి చొక్కా తొడగడానికి.”

ఆయనకు నవ్వొచ్చింది, మీసం కింద దాచుకున్నాడు. మస్తూరా మొహం ఎర్రబడింది, కానీ ఆగకుండా చెప్పుకుపోయింది. ఫ్యాక్టరీలో వేసవిలో ఆడవాళ్లు తాగే నీళ్ల సీసాలకు తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టేవారు. గుడ్డ ఆరుతున్నంతసేపూ సీసా చల్లబడుతూనే ఉండేది. “ఆగస్టులో గొట్టంలో నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి కదా బోబో. అవి ఎంత నడిచినా పండు వాటికన్నా చల్లబడదు. గాలి తగిలి గుడ్డ ఆరితే చల్లబడుతుంది. ఒక్క రోజు చూడండి.”

“చూడకపోతే?”

“చూడకపోతే ఈ నెలాఖరుకి మా తమ్ముడొచ్చి నన్ను తీసుకెళ్తాడు. నీళ్లు లేని ఇంట్లో ఉండనివ్వడు.”

ఆమె అంత సూటిగా మాట్లాడగా నేను అప్పుడే విన్నాను. బోబో గోనెసంచి వైపు చూసి, “రెండు పండ్లు తెమ్మను,” అని కోడలికి చెప్పాడు.

ఒకటి తొట్టిలో భోరుమనే నీళ్ల కింద పెట్టారు. రెండోదానికి తడి గోనె చుట్టి, సంచి కొస బేసిన్‌లోని నీళ్లలో వేసి, బాల్కనీలో ఎండ పడని గాలివాటున పెట్టారు. మా మధ్యాహ్నపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఆరేసిన చొక్కా టీ తాగేలోపు ఆరిపోతుంది. నాలుగింటికి బోబో రెండు పండ్లూ బల్ల మీద పెట్టించాడు. చెంప ఒకదానికి ఆనించాడు. తరవాత రెండోదానికి. మళ్లీ మొదటిదానికి. తన ఇంటి కప్పు ఇంకా ఆరలేదని చెప్పడానికి వచ్చిన షరోఫత్ గుమ్మంలోంచి చూస్తోంది.

“ముద్దులు చాలు బోబో, కొయ్యండి!”

ఆయన కోశాడు. రెండింటి లోంచీ ముక్క తిన్నాడు. కత్తి తుడిచి పెట్టాడు.

“చొక్కా వేసుకున్నది చల్లగా ఉంది,” అన్నాడు చివరికి. “ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం?”

“మీకు చెప్పేంత ధైర్యం ఎవరికుంది?” అంది షరోఫత్, ముక్క అందుకుంటూ.

బోబో మస్తూరా వైపు తిరిగాడు. “సరే, పండు సంగతి నాకు తెలియదు అనుకో. నీకు నీళ్లు రావడం లేదని జూలైలోనే చెప్పొచ్చు కదమ్మాయి. నా కుళాయికి తాళం వేశావు గాని నాతో ఒక్క మాట అనలేదు.”

“నీళ్లు ఎలా అడుగుతాం బోబో?”

ఆయన లేచి బాత్‌రూములోకి వెళ్లి కుళాయి కట్టేశాడు. తరవాత బాల్కనీలోకి వెళ్లి, పెరట్లో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా, ఇకనుంచి ఖర్బూజాకు తడిగోనె చుట్టాలని కేకేసి చెప్పాడు. కోపం మాత్రం ఇంకా పోలేదని గదిలోకి వచ్చాక మస్తూరాతో అన్నాడు. ఆ సంవత్సరం పోలేదు కూడా. అయినా ఆ వారంలోనే నాలుగిళ్లలోనూ జాలీలు మళ్లీ ఎక్కాయి.

ఇస్మత్ ఆగస్టు ఇరవై తొమ్మిదిన, సాయంత్రం ఆరింటికి లారీతో వచ్చాడు. చెప్పులు విప్పగానే వంటింట్లోకి వెళ్లి తనే కుళాయి తిప్పాడు. కాసేపు గాలి వచ్చింది. తరవాత సన్నగా మొదలై, తెల్లగా నిండుగా ధార దిగింది. ఆ నీళ్లతోనే ఆయన దారిలో పడ్డ దుమ్మంతా కడుక్కున్నాడు. టీ తాగాడు, రొట్టె తిన్నాడు. పిల్లల కోసం ఆమె కుట్టిన రెండు పరుపులు లారీలో వేసుకున్నాడు.

“మాట మాటే ఆపా. ఉండండి,” అన్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు మా గుమ్మం ముందు నుంచి పోయింది. లారీ కదిలింది.

మర్నాడు మస్తూరా మా ఇంటికి వచ్చి సంబూసల ప్లేటు తిరిగిచ్చి, కూర్చోకుండా నిలబడే మా అమ్మతో అంది: “ఇంకొక్కసారి అడుగుతాడనుకున్నాను. అడిగితే రాననే చెప్పేదాన్ని. అయినా అడుగుతాడనుకున్నాను.”

మా అమ్మ టీ పెడతానంటే వద్దంది.

ఇప్పుడు మస్తూరాకు అరవై ఒకటి. నెలకొక ఆదివారం నాలుగిళ్లకూ వెళ్లి జాలీలు విప్పి, వెనిగర్‌లో నానబెట్టి, సున్నం దులిపి, చేత్తో తీయగలిగేంత మాత్రమే బిగించి వస్తుంది. పని అయ్యేదాకా మాట్లాడుతుంది, అయ్యాక వెళ్లిపోతుంది. షరోఫత్ ఖర్బూజాల కాలంలో ఇప్పటికీ అప్పుడప్పుడు జాలీ తీసేస్తుంది. ఐదో అంతస్తుకు సాయంత్రం ఎనిమిది దాకా నీళ్లొస్తాయి. ఎనిమిది తరవాత రావు.